మొక్కుబడి

ప్రాచీన కావ్యములలో ‘మ్రొక్కు’ అని రేఫముతో కానవచ్చు ‘మొక్కు’ అను మాటకు చేతులు మోడ్చి నమస్కరించుట మొదటి యర్థము. ఆపదవేళ దైవమునకిచ్చిన మాట అను నర్థము దానితో పెనవైచికొన్నది. రాబడి, పెట్టుబడులలోని ‘బడి’ తోడై మొక్కుబడి యైనది. బిడ్డ జ్వరమున పడినపుడు పసుపుబట్టలో రూపాయి ముడుపు కట్టిన తల్లి, నెమ్మదించిన పిదప తిరుమల కొండకేగి, ఆ ముడుపును హుండీలో వేసి, తలనీలాలిచ్చి తీర్చుకొనునది ఋణమే. కావుననే మొక్కు ‘చెల్లించుట’, ‘తీర్చుట’ యని అప్పునకు వాడు క్రియలనే మనవారు దీనికిని వాడుచున్నారు. ఇంతటి కృతజ్ఞతాభరితమైన పదము, ‘మొక్కుబడిగా చేసినాడు’ అన్నచోట మనసు పెట్టని పనికి పేరగుట నాకు మిక్కిలి బాధాకరము. సంధ్యాదీపము వెలిగించి, కొడుకుల పేర్లు, కోడండ్ర పేర్లు, తుదకు పాలిచ్చు గేదె పేరును దైవమునకు వినిపించి చేతులు మోడ్చిన మా నాయనమ్మకు ఈ కడపటి యర్థము తెలియనే తెలియదు.