స్వాబియాకు నడచిపోయిన పిల్లలు

ఋతువు ననుసరించి పని వెదకికొనుచు దేశము దాటిపోవు ఆచారము యూరపు ఖండమున చాల పాతది. గడ్డికోతకు కొందరు, పంటకోతకు కొందరు, ద్రాక్షతోటలకు మరికొందరు ఏటేటా మూట కట్టుకొని బయలుదేరెడివారు. ఆ బాటసారులలో పాలబుగ్గల పిల్లలు కూడ నుండిరి. వారి కథను నేడు మనము చెప్పుకొందము.

ఆస్ట్రియాలోని టిరోల్, ఫోరార్ల్‌బెర్గ్ మండలములును, స్విట్జర్లండులోని గ్రావుబ్యుందెన్ మండలమును ఆల్ప్సు పర్వతసీమలు. అచ్చటి లోయలలో పెక్కుచోట్ల తండ్రి పొలమును బిడ్డలందరు పంచుకొనెడివారు. తరతరమునకు చెక్కలు చిన్నవై, ఏడాది గింజలు ఇంటికి చాలని స్థితి వచ్చెను. ఉత్తరమున కాన్‌స్టన్స్ సరస్సునకు ఆవలనున్న ఎగువ స్వాబియాలో మాత్రము పొలమంతయు ఒక్క వారసునికే దక్కెడిది. అందుచే అచ్చట పెద్ద కమతములు నిలిచెను. పశువులు మెండు, వానిని కాచువారు కొరత. కొండలలోని లేమి, మైదానములోని కొరత కలిసి ఒక బాట వేసినవి. ఆ బాటను నడచినవారు పిల్లలు. 1625 నాటి ఒక అధికారి లేఖలోనే ఈ వలస ప్రస్తావన కనిపించుచున్నది.

మార్చి 19వ తేది సెయింట్ జోసెఫ్ పండుగ. ఆ దినములలోనే పిల్లలు ఇల్లు విడిచెడివారు. ఆరేడేండ్లవారు మొదలు పదునాలుగేండ్లవారి వరకు అందులో నుండిరి. ఊరి పెద్ద యొకడో, మతాచార్యుడో ముందు నడువగా, మంచు కరగని కనుమలు దాటి దినములతరబడి నడచెడివారు. రావెన్స్‌బుర్గ్, ఫ్రీడ్రిష్‌హాఫెన్ మొదలగు పట్టణములలో వారికొరకు సంత జరిగెడిది. పిల్లలు వీధిలో నిలుచుండగా, రైతులు వచ్చి వారిని ఎగాదిగా చూచి బేరమాడెడివారు. బేరము కుదిరిన బిడ్డ ఆ దినమే కొత్త యజమాని వెంట, ఎరుగని ఊరికి పోవలసినదే.

నవంబరు 11వ తేది మార్టిన్ పండుగ వరకు వారి కొలువు. పసులు కాయుట, ఇంటిపనికి సాయపడుట, చంటిబిడ్డల నాడించుట వారి పనులు. తిండి, కొద్ది రొక్కము, రెండు జతల బట్టలు వారి జీతము. తల్లిదండ్రులకు అన్నిటికన్న పెద్ద లాభము వేరు: ఎనిమిది నెలలు ఇంట తినెడి నోరొకటి తగ్గెడిది. దయగల ఇల్లు దొరికిన పిల్లలు మరుసటి ఏడును అచ్చటికే పోయిరి. దెబ్బలు తిన్నవారును, దిగులుతో రాత్రులు గడపినవారును లేకపోలేదు. 19వ శతాబ్ది పూర్వార్ధమున ఇట్లు పోయినవారు ఏటా వేలకొలదిగ నుండిరి.

ఇందొక విపరీతమును మనము గమనింపవలెను. 1836లో వుర్టెంబెర్గ్ రాజ్యము ప్రాథమిక విద్యకు చట్టము చేసెను. అది స్వదేశపు పిల్లలకే వర్తించెను. పరదేశపు పిల్లల నది పట్టించుకొనలేదు. రైతు తన ఊరి బిడ్డను బడికి పంపవలసివచ్చెను గనుక, పసులవెంట పంపుటకు పరాయిబిడ్డను వెదకెను. మేలుకొరకు పుట్టిన చట్టమే సంతలో గిరాకిని పెంచెను. ఆస్ట్రియాలో 1869 నాటి చట్టము ఎనిమిదేండ్ల చదువును విధించినను, ఈ పిల్లలకు వేసవిలో బడినుండి మినహాయింపు లభించుచునే యుండెను. కడుపు నింపలేని ప్రభుత్వము వారిని ఆపలేకపోయెను.

మార్పు మెల్లగా వచ్చెను. 1884లో ఆర్ల్‌బెర్గ్ సొరంగము తెరువబడగా పలువురికి కనుమల నడక తప్పెను. 1891లో టిరోల్‌లో ఈ పిల్లలకొరకే ఒక సంఘ మేర్పడి, ప్రయాణమున వారికి తోడు నిచ్చి, యజమానులతో ఒడంబడికలు చేయించెను. ఫ్రీడ్రిష్‌హాఫెన్ సంత 1915లో ముగిసెను. తుదకు 1921లో వుర్టెంబెర్గ్ పరదేశపు పిల్లలకును బడి నిర్బంధము చేసెను. బడి ఈడు పిల్లను పసులకు పెట్టుకొనుట రైతుకు ఇక గిట్టలేదు. మూడు వందల ఏండ్ల ఆచారము క్రమముగ అంతరించెను.

నేడు ఎగువ స్వాబియాలోని వోల్‌ఫెగ్ మ్యూజియమువారు పాత దస్తావేజులు వెదకి ఆ పిల్లల పేర్లను ఒక్కచోట చేర్చియుంచినారు. తాతగారు ఏ ఊరినుండి వచ్చి ఎవరియింట పసులు కాచెనో తెలిసికొనుటకు మనుమలకు అది దారి చూపుచున్నది. సంతలో బేరమాడిననాడు ఆ పేర్ల నడిగినవారెందరో మనము ఊహింపవచ్చును.