పాట కోసం కొన్న రేడియోలోనే తుఫాను కబురు: మీడియం వేవ్ కథ

ఇవాళ మీ చేతిలో ఉన్న ఫోన్‌లో లేని ఒక వస్తువు గురించి మాట్లాడుకుందాం. మీ ఫోన్‌లో కెమెరా ఉంది, టార్చ్ ఉంది, దిక్సూచి ఉంది, కొన్నిట్లో ఎఫ్ఎం కూడా ఉంటుంది. కానీ ఏఎం రేడియో మాత్రం ఉండదు. ఏఎం అంటే మన అమ్మమ్మలు, తాతయ్యలు "మీడియం వేవ్" అనే రేడియో. అది ఎలా పుట్టింది, ఎన్నిసార్లు చావుదాకా వెళ్ళి బతికింది, ఈసారి ఎందుకు కష్టంగా ఉంది అన్నదే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి.

2014 అక్టోబర్ 12, ఆదివారం. నేను విశాఖపట్నంలో చదువుకుంటున్నాను, మద్దిలపాలెంలో రూము. ఆ రోజు హుద్‌హుద్ తుఫాను ఊరి మీదే తీరం దాటింది. గాలి తగ్గేసరికి మా కిటికీలకు అద్దాల్లేవు, వీధిలో నిలబడ్డ చెట్టు లేదు, కరెంటు లేదు. ఫోన్‌లో కాస్త ఛార్జింగ్ ఉంది గానీ సిగ్నల్ సున్నా. దివిసీమలో ఉన్న అమ్మానాన్నలకు నేను బతికే ఉన్నానని చెప్పే దారి లేదు. తుఫాను పోయిందా, మళ్ళీ వస్తుందా అన్నది కూడా తెలీదు.

రాత్రి మెట్ల కింద చిన్న దీపం కనిపించింది. మా వాచ్‌మెన్ తాత, ఒడిలో ఒక బ్యాటరీ రేడియో. నన్ను చూసి "ఏటి బాబూ, ఫోను సచ్చిపోనాదా? ఇది బతికే ఉన్నాది, రా" అన్నాడు. అంతా గరగర. "తాతా, ఒకసారి ఇటివ్వు" అని తీసుకుని నాకు అలవాటైన చోటికి ముల్లు తిప్పాను, 800 దాటాక కాస్త కుడికి. గరగర మధ్యలోంచి విజయవాడ తేలింది. తెలుగులో వార్తలు. తుఫాను బలహీనపడిందనీ, ఎటు వెళ్తోందనీ చెప్తున్నారు. చుట్టూ పదిమంది చేరాం. ఎవరూ మాట్లాడలేదు.

ఆ చోటు నాకెలా తెలుసంటే, మా తాతయ్య రేడియో డయల్ మీద ఎర్ర సిరాతో గీత గీసి ఉండేది. 837 కిలోహెర్ట్జ్, విజయవాడ కేంద్రం.

ఇక్కడ చిన్న సైన్సు. 837 కిలోహెర్ట్జ్ అంటే ఒక్కో అల పొడవు దాదాపు 358 మీటర్లు. అంత పొడవైన అల పగలు నేలను అంటిపెట్టుకుని చాలా దూరం పాకుతుంది. ఎఫ్ఎం అల పొడవు సుమారు మూడు మీటర్లే. అది దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది, యాభై అరవై కిలోమీటర్లు దాటితే గగనం. రాత్రయితే మీడియం వేవ్‌కు ఇంకో సుగుణం ఉంది. పగలు దాన్ని పైన మింగేసే ఒక పొర రాత్రి కరిగిపోతుంది, అంతకు పైనున్న పొర అద్దంలా పనిచేసి అలను తిరిగి కిందికి పంపుతుంది. అందుకే ఆ రాత్రి 350 కిలోమీటర్ల అవతలి విజయవాడ మా మెట్ల కిందికి వచ్చింది. మధ్యలో ఒక్క టవరు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం. రేడియో చచ్చిపోతోందన్న మాట మన దగ్గర వందేళ్ళ నాటిది.

1924లో మద్రాసులో కొందరు ఔత్సాహికులు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టి ప్రసారాలు మొదలుపెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి డబ్బుల్లేక 1927లో ఆపేశారు. అదే ఏడు బొంబాయి, కలకత్తాల్లో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ వచ్చింది. రేడియో సెట్లు కొన్నవాళ్ళు కొన్ని వేలమందే, లైసెన్సు డబ్బు ఖర్చులకు చాల్లేదు. 1930లో అదీ దివాలా. ప్రభుత్వం దాన్ని తీసుకోవాల్సి వచ్చింది, అదే 1936లో ఆలిండియా రేడియో అయింది. మద్రాసులో మాత్రం క్లబ్ వదిలేసిన ట్రాన్స్‌మిటర్‌తో కార్పొరేషన్ వాళ్ళు 1930 నుంచి పాటలు వినిపించారు, 1938లో ఆలిండియా రేడియో కేంద్రం వచ్చేదాకా. అంటే ఒక స్టేషన్ చావకుండా చూసింది ఒక మున్సిపాలిటీ!

ఇటు హైదరాబాదులో ఒక ప్రైవేటు చిన్న స్టేషన్‌ను 1935లో నిజాం ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. దాన్నే దక్కన్ రేడియో అనేవాళ్ళు. ఉర్దూతో పాటు తెలుగూ వినిపించేది. 1950లో అది ఆలిండియా రేడియోలో కలిసింది. అంతకుముందే 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలైంది. 1963లో కడప, విశాఖపట్నం కేంద్రాలు వచ్చాయి.

రెండో గండం పాటల దగ్గర వచ్చింది. 1952లో సమాచార, ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన కేస్కర్‌కు సినిమా పాటలంటే పడదు, శాస్త్రీయ సంగీతమే వినిపించాలన్నాడు. జనం ఊరుకుంటారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. మన తెలుగు సినిమా పాట మనకు శ్రీలంక నుంచి వచ్చేది! చివరికి ఆలిండియా రేడియోనే దిగివచ్చి 1957 అక్టోబర్‌లో వివిధ భారతి మొదలుపెట్టింది. శ్రోత ఏం కోరుకుంటున్నాడో వింటేనే స్టేషన్ బతుకుతుందన్న పాఠం అప్పుడే దొరికింది.

ఆ తర్వాతి పాతికేళ్ళు తెలుగు రేడియోకు మంచి రోజులు. పొద్దున్నే భక్తిరంజని. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ రామాయణ, భారత ప్రవచనం వస్తుంటే అన్నం గిన్నెలు కూడా చప్పుడు చేసేవి కాదని మా నానమ్మ అనేది. బాలాంత్రపు రజనీకాంతరావు లాంటి వాగ్గేయకారులు, నండూరి సుబ్బారావు లాంటి నటులు జీతానికి పనిచేసిన చోటు అది. నాటకాలు, సంక్షిప్త శబ్దచిత్రాలు, రైతుల కార్యక్రమం, బజారు ధరలు. పక్కన తంజావూరులో అయితే రేడియోలో విని వేసిన ఏడీటీ-27 వరి రకానికి రైతులు "రేడియో వడ్లు" అని పేరే పెట్టేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. రేడియో మంచిదే, అయితే అందరినీ కాపాడిందా? లేదు.

1977 నవంబర్ 19, శనివారం. మా దివిసీమ మీద ఉప్పెన పడింది. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. మా తాతయ్య ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికాడు. చిన్నప్పుడు ఆయన్ని అడిగాను, "రేడియోలో చెప్పలేదా తాతయ్యా?" అని. "చెప్పార్రా. మన ఊళ్ళో రేడియో ఉన్నది మూడిళ్ళల్లో. విన్నవాళ్ళు, ప్రతీ ఏడూ చెప్పేదే కదా అని పడుకున్నారు" అన్నాడు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఉప్పెన పోయాక చేతికి డబ్బొచ్చిన మొదటి పంటకే ఆయన రేడియో కొన్నాడు. ఎర్ర గీత ఆ రేడియో మీదదే.

నాకు ఆ మాటలో ఉన్న అసలు సంగతి చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. హెచ్చరిక పంపడం ఒక్కటే చాలదు. అది వినే పెట్టె ప్రతి ఇంట్లో ఉండాలి, ఆ గొంతు మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం తుఫాను రోజు పుట్టదు. రోజూ పాటలు విని, ధరలు విని, నాటకాలు వింటే పుడుతుంది. మా తాతయ్య రేడియో కొన్నది ఉప్పెనకు భయపడే. కానీ దాన్ని రోజూ బతికించింది నానమ్మ, ఆదివారం ప్రవచనం కోసం బ్యాటరీలు మార్పించి. పాట కోసం పెట్టుకున్న రేడియోలోనే తుఫాను కబురు వస్తుంది. ఈ రెండూ విడదీస్తే రెండూ పోతాయి.

సరిగ్గా ఆ విడదీయడమే తర్వాత జరిగింది. 1980ల్లో దూరదర్శన్ ఇళ్ళల్లోకి విస్తరించింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. నాటకం, శబ్దచిత్రం అటు వెళ్ళిపోయాయి. 2000 తర్వాత ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చాయి, పాట అటు వెళ్ళిపోయింది. శబ్దం ఎఫ్ఎంలోనే బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత మనం ఫోన్లు కొన్నాం. బజారు ధరలు, వాతావరణం, వార్తలు అన్నీ ఇందులోకి వచ్చేశాయి.

ఇంతకీ మీడియం వేవ్ ఫోన్‌లోకి ఎందుకు రాలేదు? ఎఫ్ఎంకు మీ ఇయర్‌ఫోన్ తీగే యాంటెనాగా సరిపోతుంది. మీడియం వేవ్‌కు లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ, దానికి రాగి తీగ చుట్ట కావాలి. పలచటి ఫోన్‌లో దానికి చోటు లేదు. పైగా ఫోన్ లోపలి సర్క్యూట్ల రొద ఆ బలహీనమైన సిగ్నల్‌ను మింగేస్తుంది. ఇంట్లో కూడా అంతే. నాసిరకం ఎల్ఈడీ బల్బు, ఛార్జరు, ఇన్వర్టరు ఆన్ చేసి పక్కన రేడియో పెట్టి చూడండి, గరగర తప్ప ఏమీ రాదు. మనం కొన్న ప్రతి కొత్త వస్తువూ పాత రేడియో చెవిలో అరుస్తోంది.

ఖర్చు సంగతీ చూద్దాం. ఎఫ్ఎం యాంటెనాను ఒక మేడ మీదో గుట్ట మీదో పెట్టొచ్చు. మీడియం వేవ్‌కు అల పొడవులో నాలుగో వంతు స్తంభం కావాలన్నా, విజయవాడకు దాదాపు 90 మీటర్లు. దాని చుట్టూ భూమిలో రాగి తీగలు పరచాలి, అంటే ఎకరాల స్థలం. 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ రోజుకు 15 గంటలు నడిస్తే గాల్లోకి వెళ్ళే శక్తే 1,500 యూనిట్లు. నెలకు 150 యూనిట్లు వాడే ఇంటికి అది పది నెలల కరెంటు! లోపల వృథా అయ్యేది దీనికి అదనం. వినేవాళ్ళు తగ్గుతుంటే ఈ బిల్లు ఎవరు సమర్థిస్తారు?

ప్రభుత్వం ప్రయత్నమే చేయలేదంటే తప్పు. దేశంలో 30కి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డీఆర్ఎం అనే డిజిటల్ పద్ధతికి మార్చారు. అదే అల మీద శుభ్రమైన శబ్దం వస్తుంది, కరెంటూ తక్కువ. మరి ఎందుకు అందుకోలేదు? ఆ రేడియో సెట్లు ఖరీదు, కొన్ని కార్లలో తప్ప కనిపించవు. స్టేషన్ ఉంది, పెట్టె లేదు. 1927 నాటి కష్టమే మళ్ళీ!

2023 జనవరిలో కేంద్రం 2,539 కోట్ల రూపాయలతో ప్రసార వ్యవస్థను బాగుచేసే పథకం ఆమోదించింది. అందులో రేడియోకు సంబంధించి పెద్ద లక్ష్యం, ఆకాశవాణి ఎఫ్ఎంను 68 శాతం జనాభా నుంచి 80 శాతానికి చేర్చడం. పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. కార్యక్రమాలు ఎఫ్ఎంలో, యాప్‌లో వస్తున్నాయి. నిజం చెప్పాలంటే నేనూ యాప్‌లోనే వింటాను.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో కూడా ఎలక్ట్రిక్ కార్ల మోటార్ల రొద వల్ల కొన్ని కంపెనీలు ఏఎం తీసేశాయి. ఫోర్డ్ కూడా తీసేస్తానని, 2023 మేలో వెనక్కి తగ్గింది. అక్కడ ఏఎం కావాలన్నవాళ్ళ వాదన కూడా ఇదే, ఆపద వేళ దూరం దాకా అందే గొంతు అదేనని.

మీలో కొందరు ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు: "బ్రో, 2023లో మన ఫోన్లన్నీ ఒకేసారి కుయ్‌మని మోగాయి కదా, ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్. ఇంక రేడియో ఎందుకు?" మంచి ప్రశ్నే. తుఫానుకు ముందు ఆ అలర్ట్ రేడియో కన్నా మేలు. 1977లో అదుంటే మా ఊళ్ళో ఎంతమంది మిగిలేవారో. కానీ తుఫాను తర్వాత? టవరు పడిపోతుంది, పడనిదానికి బ్యాటరీ అయిపోతుంది. హుద్‌హుద్ రోజు నేను చూసింది అదే. రెండూ ఉండాలి అనేదే నా మాట.

అన్ని స్టేషన్లనూ పాత పద్ధతిలో నడపమని నేను అడగను, ఆ బిల్లు కట్టేది మనమే. కానీ తుఫాను తీరంలో ఒకటి రెండు పెద్ద స్తంభాలు నిలబెట్టి, వాటి మీద ఎవరైనా వినాలనిపించే కార్యక్రమం రోజూ ఉంచడం అంత పెద్ద కోరిక కాదు. వినేవాళ్ళు లేకుండా హెచ్చరిక కోసమే దాచిన రేడియో, తీరా ఆ రోజుకి బ్యాటరీ కారిపోయి ఉంటుంది.

మా తాతయ్య పోయి ఆరేళ్ళయింది. ఆయన రేడియో ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. బయట పెరట్లోకి, బల్బులకు దూరంగా తీసుకెళ్తే ఇప్పటికీ పలుకుతుంది. మీ ఇంట్లో అటక మీద కూడా ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దించండి. రెండు సెల్లులు వేసి, చీకటి పడ్డాక డాబా ఎక్కి, ముల్లు మెల్లగా తిప్పండి. ఏ ఊరు దొరికిందో కామెంట్‌లో రాయండి. మీ తాతయ్యో అమ్మమ్మో పక్కనుంటే, వాళ్ళ గీత ఎక్కడుండేదో కూడా అడగండి.

మళ్ళీ కలుద్దాం.