జారుటకు సిద్ధపరచిన కారు

వాన వెలిసిన తారురోడ్డుపై మలుపు తిరుగుచున్న కారు వెనుక చక్రములు పట్టు తప్పి పక్కకు జరిగినచో లోనివారి గుండె ఝల్లుమనును. ఈ జారుటను దోషమని ఎంచి అణచివేయ శ్రమించిన ఇంజనీర్ల కథకు, ఆ దోషమునే కోరి తెచ్చుకొన్న జపాను యువకుల కథ కొనసాగింపు.

తొలినాటి కార్లకు గుఱ్ఱపుబండ్ల నుండి సంక్రమించిన ఆస్తి కమాను పట్టీలు, ముందొకటి వెనుకొకటి బిగువైన ఇరుసులు. ఒక చక్రము గుంటలో పడిన రెండవదియు కదలును. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి, 1930లో అమెరికాలోని జనరల్ మోటార్సునకు చేరిన మారిస్ ఆలీ అను ఆంగ్ల ఇంజనీరు ఈ ఇబ్బందిని పట్టుదలతో పరిశోధించెను. 1934 నాటి ఆ సంస్థ కార్లలో ముందు చక్రములు దేనికది విడిగా ఆడసాగినవి. అంతకంటె విలువైనది ఆయన వివరించిన సూత్రము. మలుపులో టైరు తాను చూచుచున్న దిక్కునకే సరిగా పోదు. కొంత పక్కకు ఒరసికొని పోవును. ముందు టైర్లు ఎక్కువగా ఒరసిన కారు మలుపు దాటి వెలుపలికి పోవును. వెనుకవి ఎక్కువగా ఒరసిన తోక తిరుగును. సామాన్యుని చేతికి మొదటి రకమే క్షేమమని కార్ల నిర్మాతలు నిశ్చయించిరి.

పందెగాండ్రు మాత్రము సన్నని టైర్ల కాలమున నాలుగు చక్రములను సమముగా జార్చుచు మలుపులు దాటెడివారు. 1957లో జర్మనీలోని నూర్బుర్‌గ్రింగ్ పందెమున ఫాంజియో తన మసెరాటీని ఆ తీరుననే నడిపి, ముందున్న రెండు ఫెరారీలను దాటి గెలిచెను. టైర్లు వెడల్పైన పిదప ఆ విద్య పందెములలో మూలబడినది.

దానికి మరల ప్రాణము వచ్చినది జపానులో. మోటారుసైకిలు వీరుడుగా పేరొందిన కునిమిత్సు తకహాషి 1970 తరువాతి యేండ్లలో కార్ల పందెములయందు తోక జార్చి మలుపులు తిరుగగా, అది చూచి కెయీచి త్సుచియా కనుమదారులలో అభ్యసించెను. ఎదురుబండికి చోటులేని ఆ దారులలో ఇట్టి సాహసము ఇతరుల ప్రాణములతో ఆట, దానిని మెచ్చుకొనజాలను. 2001లో డీ1 గ్రాండ్ ప్రీ ఆరంభమై ఈ విద్యకు మూసిన పందెపుబాటలు దొరికినవి.

త్సుచియా పేరుతో ముడిపడిన కారు 1983లో వచ్చిన టొయోటా ఏఈ86. ముందు విడి స్ప్రింగులు, వెనుక పాతకాలపు బిగువు ఇరుసే! 1600 సీసీల ఇంజనుకు బలము స్వల్పము. కావున వెనుక భాగమును గట్టిపరచెడివారు. కారు పక్కకు ఒరగకుండ ఏ వైపు ఎక్కువగా అడ్డుపడునో, ఆ వైపు వెలుపలి టైరుపై భారము మిక్కిలియై పట్టు ముందుగా తప్పును.

నేటి పోటీకార్ల ఇంజన్లు వందల అశ్వశక్తి కలవి. కనుక సర్దుబాటు తలక్రిందులైనది. ముందు చక్రముల పైభాగమును కొన్ని డిగ్రీలు లోనికి వంచెదరు. కారు అడ్డముగా పోవునపుడు ముందున్న టైరు నేలకు చదునుగా ఆనుటకై. చక్రము తిరుగు కీలు పైకొనను వెనుకకు వాల్చుదురు; చేతులు సడలించినంతనే స్టీరింగు తనంతట తానే జారుదిక్కునకు తిరుగును. వెనుక స్ప్రింగులు మాత్రము మెత్తన, చక్రములు ఇంచుమించు నిట్టనిలువు. జార్చుటకు వచ్చినవారు వెనుక టైర్లకు పట్టు వెదకుచున్నారు! పట్టు లేనిదే కారు పొగలు క్రక్కుచు నిలిచిన చోటనే తిరుగును గాని ముందుకు సాగదు. ఒక పరుగు కాగానే మెకానిక్కు వంగి వెనుక టైరును తడవి చూచును. లోపలి అంచు మాత్రమే అరిగినచో స్పానరు తీసికొని మరల కారు క్రిందికి దూరును.