ఐఆర్‌క్యూ 5 ఎవరిది?

తొంభైల్లో లినక్స్ వాడకందారుల కోసం రాసిన 'హౌటూ' పత్రాలు అప్పుడప్పుడూ తీసి చదువుతుంటాను. ఈథర్నెట్ హౌటూ, సౌండ్ హౌటూ, సీరియల్ హౌటూ. నేను ఇంజనీరింగ్‌లో చేరేనాటికే అవి పాతబడిపోయాయి. అయినా వాటిలో పదే పదే ఎదురయ్యే ఒక మాట కోసం చదువుతాను: 'కాన్‌ఫ్లిక్ట్'. మొదట్లో అది రెండు కార్డుల మధ్య తగువు. కొన్నేళ్లకే వస్తువు కొన్నవాడికీ, తయారుచేసినవాడికీ మధ్య తగువైంది. మాట మాత్రం మారలేదు.

మొదటి తగువు చోటు చాలక వచ్చింది. కీబోర్డో మోడెమో ప్రాసెసర్‌ని పిలవాలంటే ఒక తీగ కావాలి. దాన్నే ఐఆర్‌క్యూ అంటారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో ఫ్లాటుకొకటి చొప్పున బెల్లులున్నాయనుకోండి, అలాగన్నమాట. 1981 నాటి ఐబీఎం పీసీలో అలాంటి తీగలు 8. 1984లో వచ్చిన పీసీ ఏటీలో రెండో కంట్రోలర్ చిప్ చేర్చారు. రెండు చిప్పులనూ కలపడానికి ఒక తీగ పోగా మిగిలినవి 15. టైమర్, కీబోర్డు, ఫ్లాపీ, హార్డ్ డిస్కు, సీరియల్ పోర్టులు తమ వాటా తీసుకున్నాక ఖాళీగా ఉండేవి నాలుగైదు. పైగా, పొట్టి స్లాటులో పట్టే 8 బిట్ల కార్డులకు 10, 11 లాంటి పై నంబర్లు అందవు. దాంతో సౌండ్ కార్డూ, నెట్‌వర్క్ కార్డూ ఐఆర్‌క్యూ 5 మీదే పడేవి. ఒకే బెల్లు రెండు ఫ్లాట్లకి తగిలిస్తే వాచ్‌మన్ ఎక్కడికి వెళ్లాలి?

ఈ చిక్కు డాస్‌లోనూ ఉంది. కానీ డాస్‌లో ఒకసారికి ఒక పనే కాబట్టి చాలాసార్లు బయటపడేది కాదు. ఉదాహరణకి కామ్1, కామ్3 పోర్టులు రెండూ ఐఆర్‌క్యూ 4నే పంచుకునేవి. ఒకదానికి మౌసు, ఇంకోదానికి మోడెమ్ తగిలించినా, రెండూ ఒకేసారి వాడనంతవరకూ గొడవ లేదు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఒకేసారి అనేక పనులు చేసే రకం. మౌసు కదుపుతూనే ఇంటర్నెట్ కూడా కావాలంటుంది. అందుకే దాగి ఉన్న తగువులన్నీ ఇన్‌స్టలేషన్ రోజునే బయటికొచ్చేవి. ఏ కార్డు ఎక్కడుందో వెతకడానికి కెర్నల్ ఒక్కో చిరునామా తట్టి చూసేది. ఆ తట్టుడుకే మెషీన్ బిగుసుకుపోవడమూ ఉండేది. అలాంటప్పుడు ఫలానా చిరునామా జోలికి పోవద్దని బూట్ సమయంలోనే 'రిజర్వ్' అనే ఆదేశం ఇవ్వాలి.

అసలు మందు మాత్రం స్క్రూడ్రైవర్. క్యాబినెట్ విప్పి, కార్డు మీద జంపర్ అనే చిన్న ప్లాస్టిక్ టోపీ తీసి పక్క పిన్నుల మీద పెట్టాలి. విసుగు పనే. కానీ తన మెషీన్లో ఏ తీగ ఎవరిదో ఆ మనిషికి తెలుసు. తెలియకుండా పని జరగదు మరి.

1993లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ప్లగ్ అండ్ ప్లే ప్రమాణం తెచ్చాయి. మెల్లగా జంపర్లు పోయాయి. పీసీఐ కూడా వచ్చి, ఒకే తీగని అనేక కార్డులు పంచుకునే పద్ధతి తెచ్చింది. మొదటి తగువు దాదాపు తీరింది.

రెండోది అప్పుడే మొదలైంది. తొంభైల చివర్లో చవకగా వచ్చిన 'విన్‌మోడెమ్'లు అసలు పనిని కంప్యూటర్ ప్రాసెసర్ మీదికి నెట్టేశాయి. ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ విండోస్‌కి మాత్రమే ఇచ్చారు. తర్వాత వైఫై చిప్పుల వంతు. బ్రాడ్‌కామ్ చిప్పులకి కంపెనీ వివరాలివ్వకపోతే, ఒక బృందం ఉన్న డ్రైవర్‌ని పరిశీలించి వివరాలు రాసింది. ఆ డ్రైవర్ ముఖం చూడని ఇంకో బృందం, ఆ రాత ఆధారంగా కొత్త డ్రైవర్ తయారుచేసింది. 2006లో 2.6.17 కెర్నల్‌తో అది అందరికీ వచ్చింది. కంపెనీ తనంతట తాను కొత్త చిప్పులకి ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది 2010లో. ఇక్కడ ఏ కార్డూ ఇంకో కార్డుతో గొడవపడలేదు. హార్డ్‌వేర్ బాగానే ఉంది, దాని గురించి చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. దీన్ని కూడా 'హార్డ్‌వేర్ సమస్య' అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. ఆ మాట వెనక చెప్పనివాడు కనబడకుండా పోతాడు.

2022లో డెబియన్ సభ్యులు ఓటు వేసి, సోర్స్ ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని కూడా ఇన్‌స్టలర్‌లో చేర్చడానికి ఒప్పుకున్నారు. వైఫై నడవాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ దింపుకోవాలంటే వైఫై కావాలి అనే ముడి చాలామందికి దాంతో వీడింది. మంచి నిర్ణయమనే నా అభిప్రాయం. కొత్తగా వచ్చినవాణ్ని గుమ్మంలోనే ఆపేసి స్వేచ్ఛ గురించి పాఠం చెప్పలేం. కానీ దాన్ని గెలుపు అనలేను.

లినక్స్‌లో 'ఇంటరప్ట్స్' అనే ఫైలు ఇప్పటికీ ఉంది. తెరిస్తే ఏ తీగ ఎవరిదో, ఎన్నిసార్లు మోగిందో వరసగా కనబడుతుంది. వైఫై చిప్ పేరు కూడా అందులో ఉంటుంది. అది ఎన్నిసార్లు పిలిచిందో తెలుస్తుంది. లోపల ఏం చేస్తోందో మాత్రం ఆ ఫైల్లో ఉండదు.