బొంత మూలన ఫూల్

ఉర్దూలో ‘గుదడీ కా లాల్’ అనే మాట ఉంది. చిరుగుల బొంతలో దాగిన మాణిక్యం అని అర్థం. పేదింట పుట్టి పెద్ద పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి చెప్పేటప్పుడు వాడతాం. లాల్ గురించి అందరూ మాట్లాడతారు. గుదడీ గురించి, దాన్ని కుట్టిన చేతుల గురించి అడిగేవాళ్లు తక్కువ. మన తవారీఖ్ కితాబుల పద్ధతీ అదే.

దక్కన్ హబ్షీల తారీఖ్ తెరిస్తే ముందు మాలిక్ అంబర్ కనిపిస్తాడు. ఇథియోపియాలో పుట్టి, గులాముగా చేతులు మారి, అహ్మద్‌నగర్ నిజాంషాహీకి పెద్ద దిక్కై, మొఘల్ ఫౌజులను ఏళ్ల తరబడి నిలువరించి, 1626లో కన్నుమూసిన మనిషి. ఆయన నిలబెట్టిన ఖడ్కీ షహరే తర్వాత ఔరంగాబాద్ అయింది. ఆ తర్వాతి పేజీలో సిద్దీ నవాబుల జంజీరా ఖిల్లా. మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్. మాసబ్ ట్యాంక్ దగ్గరి ఆ బస్తీ పేరులో ఉన్నది నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఆ రిసాలా పోయింది, పేరు మిగిలింది.

ఇదంతా తల్వార్లు, గుర్రాలు, ఖిల్లాల కథ. మర్దుల కథ. ఔరతుల కథ వెతకాలంటే కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాకు పోవాలి. హలియాల్, యల్లాపూర్, ముండగోడ్ తాలూకాల అడవి పల్లెల్లో సిద్దీలు ఉంటారు. వీళ్ల పూర్వీకుల్లో ఎక్కువమంది పోర్చుగీసువాళ్లు తూర్పు ఆఫ్రికా నుంచి గోవాకు తెచ్చిన గులాములు. గులామీ భరించలేక పారిపోయినవాళ్లకు పశ్చిమ కనుమల అడవి పనాహ్ ఇచ్చింది. అక్కడి సిద్దీలకు షెడ్యూల్డ్ తెగ గుర్తింపు వచ్చింది 2003లో.

ఈ పల్లెల ఔరతులు పాత బట్టలతో కుట్టే బొంత పేరు కవంది. అడుగున ఒక పాత చీర. దాని మీద చిరిగిన చొక్కాలు, లుంగీలు, పిల్లల గౌన్ల తుండ్లు. ఫ్రేమూ ఉండదు, ముందే గీసుకున్న నక్షా ఉండదు. నేల మీద పరిచి, తుండు అంచును వేళ్లతోనే లోపలికి మడిచి, ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచు వెంబడి దూరపు కుట్టు వేసుకుంటూ పోతారు. చుట్టూ తిరిగి లోపలి చుట్టు, ఆ తర్వాత ఇంకా లోపలి చుట్టు. చివరికి సూది నడిమధ్యకు చేరుతుంది. ఆ కుట్ల వరసలే బొంతను దిట్టంగా నిలబెడతాయి.

అంచు మూలల్లో ఇంకో పని ఉంటుంది. రంగు బట్టను చిన్న చిన్న చతురస్రాలుగా కత్తిరించి, మడత మీద మడత పెట్టి, సమోసా ఆకారంలోకి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి నాలుగు మూలల్లో కుడతారు. దీన్ని ‘ఫులా’ అంటారు. మన ఫూల్ మాటే. ఫులా లేని కవంది ఒంటిమీద బట్టలేని మనిషిలాంటిదని వాళ్ల నమ్మకం.

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఫులా వల్ల వెచ్చదనం రాదు, బొంత బరువు పెరగదు. చలికి దానితో పని లేదు. కప్పుకోవడానికి గుడ్డ చాలని ఇంట్లో, ఉన్న గుడ్డలోంచే కొంత తీసి పువ్వుకు కేటాయించడం ఏమిటి? ఆకలి, చలి తప్ప గరీబోళ్లకు ఇంకో ఫికర్ ఉండదనుకునే మనబోటి చదువుకున్నవాళ్లకు ఇదొక జవాబు. జరూరత్ తీరితే చాలదు, ఇజ్జత్ కూడా కావాలి. ఆ ఇజ్జత్ మూలన కుట్టిన పువ్వులో ఉంది.

ఇంకో సంగతి. సిద్దీల్లో ముస్లింలున్నారు, హిందువులున్నారు, క్రైస్తవులున్నారు. బొంత మీద ఒకరు నెలవంక కుడితే ఇంకొకరు శిలువ కుడతారు. మూలన ఫులా మాత్రం అందరిదీ. గులామీ వాళ్ల పూర్వీకుల నుంచి పేర్లు లాక్కుంది, జబాన్ లాక్కుంది. వాళ్లను సరుకుగా లెక్క రాసుకున్న కాగజులు యజమానుల చేతుల్లో ఉండిపోయాయి. సొంత కాగజ్ లేని ఖౌమ్ తన నిషానీని బట్ట మీద కుట్టుకుంది.

హెన్రీ డ్రూవల్ అనే అమెరికన్ పండితుడు ఈ కవందుల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 2011లో ఇవి న్యూయార్క్ హార్లెమ్‌లోని షోంబర్గ్ సెంటర్ గోడలకెక్కాయి. ఖుషీ కలిగించే సంగతే. అయితే కవంది పుట్టింది గోడ కోసం కాదు, ఉయ్యాల్లో పడుకునే బిడ్డ కోసం. అన్నింటికన్నా రంగురంగుల కవందులు ఆ పసిబిడ్డలవే.

మన ఇళ్లలోనూ అమ్మీలు, నానీలు, దాదీలు పాత చీరలతో బొంతలు కుట్టారు. మిల్లు రజాయిలు వచ్చాక అవి అటక ఎక్కాయి, తర్వాత ఇల్లు తుడిచే గుడ్డలయ్యాయి. ఏ తుండు ఎవరి షాదీ జోడాలోదో, ఏది ఎవరి ఈద్ కుర్తాలోదో చెప్పగలిగేది కుట్టినవాళ్లే. మీ ఇంట్లో అలాంటి బొంత ఇంకా ఉంటే, కుట్టిన మనిషి ఇంకా ఉంటే, పక్కన కూర్చుని ఒక్కో తుండు మీద వేలు పెట్టి అడగండి. మన ఖాందాన్ తారీఖ్‌కు ఇంతకు మించిన కితాబ్ దొరకదు.