స్వామి నగలపై నగిషీ – ఉలి చేసిన సేవ



చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములలో నివసించు మనకు సాయంకాలము ఏదో ఒక ఆలయమునకు పోయి హారతి కన్నుల కద్దుకొనుట నిత్యకృత్యము. కర్పూరజ్యోతి పైకి లేచినప్పుడు స్వామివారి కిరీటము, కవచము, శంఖచక్రములు ఒక్కసారి సజీవములైనట్లు మెరయును. లోహము అద్దమువలె నున్నగా ఉన్నచో వెలుగు ఒక్కచోట పడి కన్నులను చెదరగొట్టును. దానిపై వేలకొలది గీతలు, చుక్కలు, లతలు ఉన్నచో అవి ఆ వెలుగును పంచుకొని మెల్లగా మన కందించును. ఆ గీతల పనికే నగిషీ అని పేరు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

నగిషీ అను మాట సంస్కృతము కాదు. అరబ్బీ ‘నఖ్ష్’ శబ్దము పారసీకము ద్వారా దక్కను దేశమునకు వచ్చి తెలుగులో ఇట్లు స్థిరపడినది. చేర్యాల పటములు వ్రాయు చిత్రకారులను నకాషీలు అనుటయు ఈ మాటవలననే. మాట బయటినుండి వచ్చినను పని మనకు క్రొత్తది కాదు. సంస్కృతమున టంకమనగా ఉలి. ముద్ర వేసిన నాణెమునకును అదియే పేరు. నాణెములు చేయు చోటు టంకశాల. ఋగ్వేదము రెండవ మండలమున గృత్సమద మహర్షి దర్శించిన రుద్రసూక్తములో రుద్రుడు ధరించిన నిష్కమను కంఠాభరణమునకు ‘విశ్వరూపము’ అను విశేషణము కలదు. అనేక రూపములు కలదని దాని యర్థము. నగ యొక్క గొప్పతనమును ఋషి తూకముతో చెప్పలేదు, రూపముతో చెప్పెను. ఇది మనము జ్ఞాపకముంచుకొనవలసిన మాట.

మన నగరమునకు తూర్పున జనగామ జిల్లాలో పెంబర్తి గ్రామమున్నది. అచ్చటి విశ్వకర్మీయులు దేవతామూర్తుల కవచములు, వాహనముల తొడుగులు చేయుటలో ప్రసిద్ధులు. గుగ్గిలము, ఇటుకపొడి, నూనె కలిపి కాచిన మెత్తని ముద్దపై లోహపు రేకును అతికించి, మొద్దుమొన గల ఉలులతో వెనుకనుండి ఉబ్బించి, ముందునుండి అదిమి రూపము తెత్తురు. ఈ పద్ధతిలో లోహము తరుగదు, చోటు మారును. రెండవ పద్ధతిలో వాడిమొన గల ఉలి వెండ్రుకవాసి లోహమును తొలచి వేయును. ఒకే ఉలిని తిన్నగా నడిపిన సన్నని గీత, ప్రక్కలకు ఊపుచు నడిపిన మెలికల చాలు, నిలువున కొట్టిన చుక్క ఏర్పడును. గరుత్మంతుని రెక్కలకు ఈకల వాలున గీతలు, ఆదిశేషునికి అర్ధచంద్రాకారపు పొలుసులు, పీతాంబరమునకు అడ్డునిలువు గళ్ళు వేయుదురు. నేలభాగమునంతటిని చుక్కలతో గరుకు చేసినచో నున్నని మూర్తి ముందుకు వచ్చినట్లు కనబడును. పనివాడు తన చేతికి తగిన ఉలిని తానే అరగదీసి, పదును పెట్టుకొనును.

మరియొక దిక్కున, వాయవ్యమున, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనే ఉండిన బీదరు కలదు. తుత్తునాగమునకు కొంచెము రాగి చేర్చి పోతపోసిన వస్తువుపై మైలుతుత్తపు నీరు పూసి నలుపుచేసి, దానిపై గీతలు తొలిచి, ఆ చాళ్ళలో వెండి పొదుగుదురు. తుదకు బీదరు కోటమట్టితో కాచిన ద్రావణమున ముంచగా లోహము శాశ్వతముగా నల్లబడి, వెండి తెల్లగా నిలుచును. అచ్చటను ఉలి గీత లేనిదే వెండికి నిలువ చోటు లేదు.

1513లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలను మొదటిసారి సేవించి నవరత్న కిరీటమును, ఇరువదియైదు వెండి హారతి పళ్ళెరములను సమర్పించెను. తిరుమలదేవి, చిన్నాదేవి స్వామివారి పాలారగింపునకు బంగారు గిన్నెల నిచ్చిరి. ఇవి శాసనములవలన తెలియుచున్నవి. శాసనము దాతను చెప్పును, వస్తువును చెప్పును. పనివాని చేతిని చెప్పునది మాత్రము ఆ వస్తువుపై గల గీతయే.

ఇచ్చట నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. నలుబది ఏండ్ల క్రితము మా తల్లిగారి వెండి వడ్డాణమును కరగించి పూజాపాత్రలు చేయింప నెంచితిని. దానిపై హంసల బారు ఉండెడిది. అవుసలి పెద్దాయన దానిని దీపము దగ్గర త్రిప్పి త్రిప్పి చూచి, “అయ్యగారూ, వెండి మల్లొస్తది. ఈ పని మల్ల రాదు” అనెను. నేను వినలేదు. తూకము సరిగానే వచ్చినది. తరుగు, మజూరీ లెక్క వ్రాసి ఇచ్చిరి. హంసలు పోయిన తరుగు మాత్రము ఆ చీటిలో లేదు. నేటికిని అభిషేకవేళ ఆ చెంబును చేతబట్టినప్పుడు నా వ్రేళ్ళు ఆ హంసలను వెదకును.

నేడు యంత్రముతో అచ్చు ఒత్తిన నగలు చౌకగా దొరకుచున్నవి. అల్పాదాయము గల భక్తుడు వానిని సమర్పించినను స్వామికి సమ్మతమే. నా విన్నపము పాతవానిని గూర్చి మాత్రమే. మొదటిది, ఆలయపు నగల పుస్తకములో తూకముతోపాటు పనితనమును, ఛాయాచిత్రమును, తెలిసినచో పనివాని పేరును చేర్చవలెను. రెండవది, బూడిదతో, ఇటుకపొడితో తోమరాదు. కుంకుడునీరు, మెత్తని గుడ్డ చాలును. గట్టిగా తోమిన ప్రతిసారి గీత కొంత అరుగును. మూడవది, చిరిగిన కవచమును కరగించుటకు ముందు వెనుకనుండి అతుకు వేయుటకు వీలున్నదేమో నేర్పరి నడుగవలెను. గీత పూర్తిగా మాయకమునుపే దానిని తిరిగి త్రవ్వింపవచ్చును.

మీ ఇంటి పెట్టెలో అమ్మమ్మగారి కంటె గాని, జడబిల్ల గాని ఉన్నచో ఈ రాత్రి దీపము దగ్గర ఒకసారి చూడుడు. బంగారము భూమి యిచ్చినది. ఆ గీత ఒక మనుష్యుడు తన చూపును, ఊపిరిని నిలిపి చేసిన తపస్సు. దానిని కాపాడుటయు కైంకర్యమే.

స్వస్తి.