పాముకు పోసిన పాలు



పోయిన నెల మా బళ్లో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు పాఠం మధ్యలో లేచి నిలబడ్డాడు. "సార్, ఒకాయన ఇంట్లో కొండచిలువను పెంచుకున్నాడంట. రోజూ చుట్ట చుట్టుకొని పడుకునే పాము ఉన్నట్టుండి తిండి మానేసి, ఆయన పక్కన మంచం మీద కట్టె మాదిరి సాగి పడుకునేదంట. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, అది నిన్ను కొలుచుకుంటా ఉంది, నిన్ను మింగడానికే పస్తుంది అన్నాడంట. నిజమేనా సార్?"

తరగతి మొత్తం నా మొహం వంక చూసింది. ఈ కథ మీలో కూడా కొందరు వినే ఉంటారు. ఊరు మారుతుంది, మనిషి మారతాడు, డాక్టరు మాట మాత్రం మారదు. కథ బాగుంది గాని నిజం కాదు. ఏ పామూ ఎరను కొలిచి చూసి తినదు. ఎలుక ఎదురుపడితే ఒక్క క్షణంలో పట్టుకుంటుంది, లేదంటే వదిలేస్తుంది. పాము తిండి మానడానికి వేరే కారణాలుంటాయి. చలికాలమైతే తినదు. జతకట్టే కాలంలో తినదు. కుబుసం విడిచే ముందు దాని కళ్ల మీద పాలపొర లాంటి మబ్బు కమ్ముతుంది, చూపు సరిగా ఆనదు, ఆ రోజుల్లో ఎలుకను ముందు పెట్టినా చాలా పాములు ముట్టవు. కొండచిలువ అయితే నెలల తరబడి తినకుండా ఉండగలదు. వెచ్చగా ఉన్నచోట సాగి పడుకోవడం కూడా దాని సుఖం కోసమే.

పిల్లవాడికి ఈ జవాబే చెప్పి కూర్చోబెట్టాను. కానీ ఆ కొండచిలువ కథను నమ్మినవాళ్లను చూసి నవ్వే హక్కు నాకుందా అని ఇంటికి పోయేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. పాము తిండి గురించి మన ఇళ్లలో ఇంతకంటే పెద్ద కథ ఒకటుంది. పాము పాలు తాగుతుందన్న కథ. దాన్ని నమ్మి నేను స్వయంగా ఒక పాముకు పాలు పోశాను.

మా బళ్లారి వైపు తెలుగు ఇళ్ల సంగతి మీకు తెలిసిందే. ఆంధ్రలో చాలాచోట్ల దీపావళి వెళ్లాక కార్తీక శుద్ధ చవితినాడు నాగుల చవితి చేస్తారు. మన కన్నడ ఇరుగుపొరుగు శ్రావణ శుద్ధ పంచమినాడు నాగర పంచమి చేస్తారు. రెండు భాషల నడుమ కాపురముండే మాలాంటి కొన్ని ఇళ్లలో రెండూ చేస్తారు. శ్రావణంలో తంబిట్టు, జొన్న పేలాలు, చెట్టుకు ఉయ్యాల. కార్తీకంలో పుట్ట దగ్గర చలిమిడి, చిమ్మిలి. పాలు రెండు పండుగలకూ ఉంటాయి. మా అవ్వ లెక్కలో నాగప్పకు ఏటా రెండు విందులు.

అయితే ఒక తేడా గమనించండి. పుట్టలో పోసినా, రావిచెట్టు కింద నాగరాళ్ల మీద పోసినా ఆ పాలు మట్టిలోకి పోతాయి. పాముకు దానితో మంచీ లేదు, చెడూ లేదు. అది మనిషి మొక్కు. ఊరూరా ఉన్న పాత నాగశిలలను చూస్తే ఈ మొక్కు ఎన్ని తరాలదో తెలుస్తుంది. దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పాలగిన్నె బతికున్న పాము నోటి దగ్గరికి వచ్చినప్పుడే చిక్కు మొదలైంది. అది వచ్చింది పాములాడించేవాళ్ల బుట్టలతో, కన్నడంలో హావాడిగులంటామే, వాళ్లతో.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. 1980ల చివరి రోజులు. పంచమికి ముందు రోజు మా వీధిలోకి ఒక పాములవాడు వచ్చాడు, వెంట నా ఈడు కొడుకు. మా అరుగు మీద బుట్ట దించి మూత తీసి నాగసరం ఊదాడు. పాము పడగ విప్పి అటూ ఇటూ ఊగింది. పాట వింటోందని మేమంతా అనుకున్నాం. పాముకు మనలా బయటికి చెవి లేదు, కర్ణభేరి లేదు. నేల అదురును దవడ ఎముకల ద్వారా బాగా పసిగడుతుంది, గాలిలో వచ్చే బొంగురు శబ్దాలు కొన్ని అందుతాయి. అది చూసేది ఊగుతున్న నాగసరాన్ని, దాన్ని పట్టుకున్న చేతిని. ఎదుటిది దాడి చేస్తుందేమోనన్న జాగ్రత్తలో అది ఊగుతుంది. మనం ఆట అన్నాం.

"అవ్వా, నాగప్పకు పాలు పోయించు తల్లీ, ఇంటికి మంచిది" అన్నాడు. మా అవ్వ ఇత్తడి గిన్నెలో పాలు తెచ్చి నా చేతికిచ్చింది. పాము మూతి పాలలో ముంచింది. నిజంగానే తాగింది. నేను చూశాను. గిన్నెలో పాలు తగ్గాయి. అవ్వ కళ్లు చెమర్చాయి. పావలాలు, బియ్యం, ఒక పాత చీర ఇచ్చింది. "ఏమప్పా, ఈ రాత్రికి యాడ పోతావు, ఈడనే అరుగు మీద పండుకో" అంది.

పొద్దుగూకే వేళ బావి దగ్గర ఆ పిల్లవాడు కనబడ్డాడు. పాముకు మళ్లీ పాలు పెట్టేదా అని అడిగాను. వాడు చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "పాలొద్దప్పా, నీళ్లు పొయ్యి. దానికి నీళ్లు లేక శానా దినాలాయె" అన్నాడు. నేను నమ్మలేదు. నాగుపాముకు నీళ్లేమిటి? వాడికేం తెలుసు అనుకొని లోపలికి పోయి, అవ్వకు చెప్పకుండా ఇంకో లోటా పాలు తెచ్చి బుట్టలో గిన్నెలో పోశాను.

తెల్లారి చూస్తే పాము కదల్లేదు. పాములవాడు ఏమీ మాట్లాడకుండా బుట్ట కట్టుకొని, పండుగనాడే, కొడుకును తీసుకొని ఊరి బయటికి వెళ్లిపోయాడు. అవ్వకు ఎవరూ చెప్పలేదు.

ఆ పాము ఎందుకు తాగిందో తర్వాత చాలా ఏళ్లకు చదువుకున్నాను. పండుగకు ముందు కొన్ని వారాల పాటు పామును నీళ్లు లేకుండా బుట్టలో ఉంచుతారు. కోరలు పీకుతారు, కొన్నిసార్లు నోరు కూడా కుట్టేస్తారు. నాలుక పిడచగట్టిన జీవి ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది. పాలు ఇచ్చి పిల్లల్ని సాకే జాతి కాదు గనుక పాము పేగుకు పాలను అరిగించుకునే శక్తి లేదు. బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోవడమూ ఉంది. దాని అసలు తిండి ఎలుక, కప్ప, పక్షి గుడ్లు, పిల్లలు, ఒక్కోసారి ఇంకో పాము. కింది దవడ రెండు ముక్కలు అతకకుండా సాగే నరంతో కలిసి ఉంటాయి గనుకే తన తలకంటే లావైన ఎలుకను మింగగలుగుతుంది. కడుపునిండా తిన్న పామును కదిలిస్తే తిన్నది కక్కేస్తుంది కూడా. పీకిన కోరలు మళ్లీ మొలుస్తాయి. కోరల్లేని పాము కదా అని దగ్గరికి పోయినవాళ్లకు అది కూడా ప్రమాదమే.

ఇదంతా పుస్తకం చదివితే గాని నాకు తెలియలేదు. ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్లకే తెలుసు. ఈ మాట చెప్పడానికే మిమ్మల్ని ఒక్కసారి రెండు వందల ఏళ్లు వెనక్కి, విశాఖపట్నానికి తీసుకుపోతాను.

1781లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న తన తమ్ముడి వెంట విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ ఆయనకు మద్రాసు ప్రాంతపు ప్రకృతి పరిశోధకుడిగా పని అప్పగించింది. ఏ పాము విషపుది, ఏది కాదు అన్న తేడా తెలియక జనం చచ్చిపోతున్నారని ఆయన పాములను సేకరించడం మొదలుపెట్టాడు. కోరలు పరీక్షించాడు, కోళ్ల మీద, కుక్కల మీద విషం ప్రభావం చూశాడు. ఆ రోజుల పద్ధతి అది. కోరమండల్ తీరపు పాముల మీద ఆయన రాసిన పెద్ద బొమ్మల గ్రంథం 1796లో లండన్‌లో అచ్చయింది.

ఆ పుస్తకంలో మనం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. రస్సెల్ పాముల పేర్లు స్థానికులు పిలిచేవి అడిగి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లే వేశాడు. కాటుక రేకుల పొడ. పెద్ద పొడ. జెర్రిపోతు. బంగారు పాము. ఇవి లండన్‌లో అచ్చయిన మాటలు! కాటుక రేకుల పొడ అంటే ఒంటి మీద కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలున్న పాము. మనం రక్తపింజరి అంటాం, కన్నడంలో కొళకు మండల. ప్రపంచం దాన్ని ఇవాళ రస్సెల్ పేరుతో పిలుస్తోంది. పసుపు పట్టీల బంగారు పాము పేరు నుంచే కట్లపాముల జాతికంతటికీ బుంగారస్ అన్న శాస్త్రనామం వచ్చింది. ఏ దేశపు శాస్త్రవేత్త ఆ పేరు పలికినా తెలియకుండానే ఒక తెలుగు ముక్క పలుకుతున్నాడన్నమాట.

మరి ఆ పేర్లు ఎవరివి? పామును చేత్తో పట్టి, మచ్చలు తేరిపార చూసినవాడు గాని పెట్టలేని పేర్లవి. పుస్తకం మీద రస్సెల్ పేరుంది. పామును చూపించి పేరు చెప్పిన మనిషి పేరు లేదు. దానికి రస్సెల్‌ను ఒక్కడినే ఏమనను. మనం మాత్రం అడిగామా? పాములవాడి దగ్గర మనం ఆట చూశాం, పాలు పోశాం. ఇది ఏం తింటుందప్పా అని ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేది.

అడిగి చూసుకున్న ఊరు లేకపోలేదు. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా బత్తిస్ శిరాళాలో నాగపంచమికి ముందు నాగుపాములను పట్టి, కుండల్లో ఉంచి, పండుగనాడు ఊరేగించి, మళ్లీ పట్టినచోటే వదిలే ఆచారం తరాల పాటు సాగింది. అక్కడివాళ్లు కోరలు పీకేవారు కాదు. అయినా పాముకు ఆ సందడి బాధే గనుక వ్యవహారం కోర్టుదాకా వెళ్లి ఆంక్షలు వచ్చాయి.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మన నేల పామును పట్టి ఇంట్లో ఉంచుకోవడం, ఆడించడం నేరమైంది. మా అవ్వ అరుగు మీద బుట్ట దిగేనాటికి చట్టం పుట్టి పదిహేనేళ్లు దాటింది. మా ఊళ్లో ఎవరికీ ఆ కబురు లేదు. 1976లో పాము తోళ్ల ఎగుమతి కూడా ఆగిపోయింది. చట్టం మంచిదే. కానీ పాము మీదే బతికిన కుటుంబాల గతి ఏమిటన్నది అందులో లేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఒకచోట మాత్రం దొరికింది. తమిళనాడులో ఇరుళులు తోళ్ల కోసం పాములు పట్టేవాళ్లు. రొములస్ విటేకర్ అనే పాముల నిపుణుడు తోడు నిలవగా వాళ్లు 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర ఉంది. నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటిని పట్టి, కుండల్లో ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే గుర్రాల సాయంతో పాముకాటు మందు తయారవుతుంది. మన ఆసుపత్రిలో ఇచ్చే సూది వెనక ఒక ఇరుళుడి చెయ్యి ఉండే అవకాశం ఎక్కువ. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది పోయారని 2020లో ఒక పరిశోధన లెక్కకట్టింది. ఆ చెయ్యి విలువ ఎంతో మీరే చూసుకోండి.

మా పిల్లవాడి కొండచిలువ కథ కూడా ఇక్కడికే వచ్చి కలుస్తుంది. అమెరికాలో ఫ్లోరిడాలో జనం బర్మా కొండచిలువలను సరదాకు తెచ్చి పెంచారు. ఎలుకతో సరిపోయిన పిల్ల పెరిగి కుందేలు అడిగేసరికి, మేపలేక బురద అడవుల్లో వదిలేశారు. అవి వేలల్లో పెరిగి అక్కడి జంతువులను తినేస్తుంటే, ఆ ప్రభుత్వం 2017 జనవరిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరు ఇరుళులను పిలిపించింది. ఇనుప కడ్డీ ఒకటి పట్టుకొని, మట్టిలో జాడ చూసి, రెండు వారాల లోపే 13 కొండచిలువలను పట్టించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ ఇచ్చారు. నెల్లూరు, చిత్తూరు వైపు మన యానాదులకూ పొలం గట్టున కన్నం చూసి లోపల ఎలుకుందో లేదో చెప్పే విద్య ఉంది. దాని కోసం వాళ్లను ఎవరూ విమానం ఎక్కించలేదు.

పెంపుడు పాముల మోజు ఇప్పుడు మన నగరాల్లోనూ ఉంది. అవి బయటి దేశాల రకాలు. 2022 చట్ట సవరణ తర్వాత వాటిలో చాలావాటిని ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. పెంచేవాళ్లు ఎలుకలను మంచుపెట్టెలో దాచి, కరిగించి, వారానికో పది రోజులకో ఒకటి పెడతారు. గిన్నెలో ఎప్పుడూ ఉంచేది మంచినీళ్లు.

మర్నాడు తరగతిలో ఇదంతా చెప్పాను. కొండచిలువ సంగతి అడిగిన పిల్లవాడే మళ్లీ లేచాడు. "సార్, ఆ పాములాయన కొడుకు మళ్లీ కనబడలేదా?" అన్నాడు.

లేదురా అన్నాను. ఆ మరుసటి ఏడు పంచమికి నేను బావి దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకొని అరుగు మీద కూర్చున్నాను. వాళ్లు రాలేదు.